ఫిజియోథెరపిస్టును ఎలా ఎంచుకోవాలి, మొదటి రోజు ఏం గమనించాలి

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందు తిరిగినా, గుంటూరు కొత్తపేటలో ఏ ఆసుపత్రి మెట్లు దిగినా ఫిజియోథెరపీ బోర్డు ఒకటి కనిపిస్తుంది. లోపలికి వెళ్లగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "కరెంటు పెడతారా అండీ?", రెండోది "ఎన్ని సిట్టింగులు?", మూడోది "మొత్తం ఎంతవుద్ది?". వైద్యం చేయబోయే మనిషి ఏం చదివారు, మీలాంటి కేసులు చూశారా, మిమ్మల్ని పడుకోబెట్టి పరీక్ష చేస్తారా లేక డాక్టరు గారి చీటీ చూసి మిషన్ తగిలిస్తారా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నేను ఈ వృత్తిలోనే ఉన్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను: మీకు నయం కావడంలో గదిలో ఉన్న మిషన్ల కంటే ఆ మనిషి చెయ్యి, ఆలోచన, మీ కోసం పెట్టే టైము ఎక్కువ పని చేస్తాయి. వాటిని ఎలా పోల్చుకోవాలో వరసగా చెబుతాను.

ముందు, ఇది ఫిజియోకి వెళ్లే నొప్పేనా చూసుకోండి

కొన్ని ఉన్నాయి, వాటితో నేరుగా ఫిజియోథెరపీ సెంటరుకి రాకూడదు, ముందు ఆసుపత్రికి వెళ్లాలి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగకుండా పోవడం లేదా అసలు రాకపోవడం, మలం మీద అదుపు తప్పడం, తొడల మధ్య కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం ఉంటే అది ఎమర్జెన్సీ, తెల్లవారేదాకా కూడా ఆగొద్దు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, ఎటు తిరిగి పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు చూడాలి. పెద్దవాళ్లు బాత్రూంలో జారి పడ్డాక తుంటి దగ్గర నొప్పంటే ఎక్స్‌రే తీయించకుండా ఎవ్వరి చేతా రుద్దించొద్దు. ఆపరేషన్ అయ్యాకో, చాలా రోజులు మంచంలో ఉన్నాకో ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని నూనె పెట్టి మర్దన చేస్తే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

మూతి ఒక పక్కకి లాగేస్తే మనవైపు ఇంకా ఆకు పసరు అనో, ఫలానా ఊళ్లో మందు పోస్తారనో బయల్దేరతారు. దయచేసి ఆ పని చేయొద్దు. అది పక్షవాతమైతే, రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు. ముఖం నరం వాపే అయినా మందులు మూడు రోజుల్లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ముఖానికి ఎక్సర్‌సైజులు ఆ తర్వాత ఎలాగూ చేయిస్తాం.

ఎముక విరిగితే కట్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పుత్తూరు కట్టు బోర్డు లేని రోడ్డు లేదు. ఎవరి నమ్మకం వాళ్లది, కానీ ముందు ఎక్స్‌రే తీయించి డాక్టరుకి చూపించండి, కట్టాక వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించండి. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చినప్పుడు కట్టు సంగతి దాచకండి. ఎన్ని వారాలు కదలకుండా ఉంచారో తెలిస్తేనే కీలు ఎంత బిగుసుకుందో, ఎంత మెల్లగా విడదీయాలో మాకు అర్థమవుతుంది. దాని గురించి మిమ్మల్ని తిట్టే ఫిజియో ఉంటే తప్పు వాళ్లదే.

చదువు చూడండి, అడగడానికి మొహమాటం వద్దు

ఫిజియోథెరపీలో డిగ్రీ పేరు బి.పి.టి. ఇప్పుడు ప్రాక్టీసులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్ల చదువు, ఆ పైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు. తర్వాత రెండేళ్లు పీజీ చేస్తే ఎం.పి.టి. అవుతుంది. ఆ ఎం.పి.టి. పక్కన ఉన్న మాటే మీకు ముఖ్యం. ఆర్థో అంటే ఎముకలు, కీళ్లు, న్యూరో అంటే మెదడు, నరాలు, కార్డియో అంటే గుండె, ఊపిరితిత్తులు, ఇంకా స్పోర్ట్స్, పీడియాట్రిక్స్ ఉంటాయి.

మన రాష్ట్రంలో చదివినవాళ్ల సర్టిఫికెట్ ఎక్కువగా విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి ఉంటుంది. 1986లో మొదలైన ఈ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్ పేరుకి మారి 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకి వచ్చింది, కాబట్టి మధ్యలో పాసైనవాళ్ల పట్టా మీద వేరే పేరు కనిపిస్తే అనుమానపడకండి. బెంగళూరు వెళ్లి చదివినవాళ్లు కూడా మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్లది రాజీవ్ గాంధీ యూనివర్సిటీ పట్టా అయి ఉండొచ్చు. ఏదైనా ఫర్వాలేదు, పట్టా ఉండాలి, అడిగితే చూపించాలి. గోడకి ఫ్రేము కట్టి పెట్టి ఉంటే మీ పని ఇంకా తేలిక.

ఎం.ఐ.ఎ.పి. అని కొందరి బోర్డు మీద ఉంటుంది. అది డిగ్రీ కాదు, 1955లో ఏర్పడిన భారత ఫిజియోథెరపిస్టుల సంఘంలో సభ్యత్వం. ఉండటం మంచిదే, కానీ చదువు స్థానంలో దాన్ని లెక్కేయకూడదు. అలాగే టేపింగ్, కప్పింగ్, డ్రై నీడ్లింగ్ లాంటివి డిగ్రీ అయ్యాక చేసే చిన్న కోర్సులు. డిగ్రీ ఉన్నవాళ్లకి అవి అదనపు పనిముట్లు, డిగ్రీ లేకుండా అవే బోర్డు నిండా ఉంటే వెనక్కి తిరగండి. 2021లో పార్లమెంటు ఈ వృత్తులన్నిటికీ కలిపి ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది, ఫిజియోథెరపీ అందులో ఉంది, రిజిస్ట్రేషన్ ఏర్పాట్లు ఇక దాని ప్రకారం నడుస్తాయి. కాబట్టి "మీ రిజిస్ట్రేషన్ ఉందా అండీ" అని అడగడం మీ హక్కు.

ఇంకో తికమక ఉంది. ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ డాక్టరు వేరు, ఫిజియోథెరపిస్టు వేరు. మొదటివారు ఎం.బి.బి.ఎస్. చదివి ఆ పైన ఎం.డి. చేసినవారు, మందులు రాస్తారు, ఇంజక్షన్లు చేస్తారు. మేము కదలిక ద్వారా, చేతి వైద్యం ద్వారా, ఎక్సర్‌సైజుల ద్వారా పని చేస్తాం, మందు చీటీ రాయం. మీ ఫిజియో నొప్పి మాత్రలు రాసిస్తున్నా, డాక్టరు ఇచ్చిన బీపీ, షుగర్ మందులు ఆపేయమన్నా అక్కడ ఏదో తేడా ఉందని అర్థం. పేరుకి ముందు డాక్టర్ అని ఉందా లేదా అన్న గొడవలో మీరు పడకండి, పేరు తర్వాత ఉన్న అక్షరాలు చదవండి చాలు.

మీ బాధకి సరిపోయే మనిషిని వెతకండి

నడుం నొప్పి, మెడ నొప్పి, మోకాళ్లకైతే మంచి బి.పి.టి. అనుభవంతో చక్కగా చూడగలరు. పక్షవాతం వచ్చిన మనిషికి మాత్రం వీలైనంతవరకూ న్యూరో చేసినవాళ్లనో, ఆ కేసులు రోజూ చూసేవాళ్లనో వెతకండి, ఎందుకంటే మొదటి కొన్ని నెలల్లో ఏ పద్ధతిలో నడిపించారన్నది తర్వాతి జీవితమంతటినీ మారుస్తుంది. పిల్లల్లో మెడ నిలబెట్టడం, కూర్చోవడం, నడక ఆలస్యమైతే "మా వంశంలో అందరూ లేటే" అని కూర్చోకుండా వెళ్లండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో, ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చూసే డీఈఐసీ అనే కేంద్రాలు పెట్టారు, అక్కడ ఉచితంగా చూస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రి అనగానే ముఖం ముడుచుకోకండి. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ జీజీహెచ్‌లో ఫిజియోథెరపీ చేస్తారు, మంగళగిరి ఎయిమ్స్‌లో రిహాబిలిటేషన్ విభాగం ఉంది. రద్దీ ఉంటుంది, ఎదురుచూడాలి, అది నిజం. కానీ అంత రద్దీలో అన్ని రకాల కేసులు చూసిన చేతులు అక్కడే ఉంటాయి. ఒకసారి అక్కడ పరీక్ష చేయించుకుని, ఎక్సర్‌సైజులు నేర్చుకుని, మిగతాది ఇంటి దగ్గర్లో కొనసాగించుకున్నా మంచి పద్ధతే.

వెళ్లే ముందు రోజు చేసుకోవాల్సిన పని

ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐ ఫిల్ములు, ఆపరేషన్ అయితే డిశ్చార్జి సమ్మరీ, వాడే మందుల చీటీ ఒక కవర్లో పెట్టుకోండి. మోకాలి సమస్యైతే మోకాలు పైదాకా తీయగలిగే వదులు బట్టలు, భుజానికైతే చేతుల్లేని లోపలి బనియనో, ముందు గుండీలున్న జాకెట్టో వేసుకోండి. రోజూ తొడిగే పాత చెప్పులే వేసుకెళ్లండి, కొత్తవి వద్దు. చెప్పు ఏ పక్క అరిగిందో చూస్తే మీ నడక సగం తెలిసిపోతుంది.

ఒక కాగితం మీద మీరు చేయలేకపోతున్న పనులు మూడు రాసుకోండి. "నొప్పి తగ్గాలి" అని రాయకండి, అది ఎవరికైనా కావాల్సిందే. "ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాను", "వ్రతానికి పీట మీద కూర్చోలేను", "మూడో అంతస్తు, లిఫ్టు లేదు", "మిరప తోటలో వంగి కాయ కోస్తే సాయంత్రానికి నడుం లేవదు", "ఆటోనగర్‌లో లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగించాలంటే భుజం పైకి పోదు", ఇలా రాయండి. మిర్చి యార్డులో టిక్కీలు మోసే మనిషి నడుముకి, బ్యాంకులో కూర్చునే మనిషి నడుముకి చేయాల్సిన వైద్యం ఒకటి కాదు. మీ పని ఏమిటో అడగకుండా మొదలుపెట్టే ఫిజియో ఆ ఇద్దరికీ ఒకే పది ఎక్సర్‌సైజులు ఇస్తారు.

మొదటి రోజు, ఇదే అసలు పరీక్ష

మొదటి రోజు మిమ్మల్ని పరీక్షించే టైములో మీరు కూడా వాళ్లని పరీక్షించండి. లోపలికి వెళ్లిన రెండు నిమిషాల్లో మంచం మీద పడుకోబెట్టి వైర్లు తగిలిస్తే, అక్కడ పరీక్ష జరగలేదని అర్థం.

ముందు మాటలుండాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొద్దున లేవగానే ఎక్కువా సాయంత్రానికి ఎక్కువా, కూర్చుంటే పెరుగుతుందా నడిస్తే పెరుగుతుందా, కాలిలోకి దిగుతోందా, దిగితే మోకాలి దాకానా పాదం దాకానా, రాత్రి నిద్ర ఎలా ఉంది, షుగర్ ఉందా, ఇంతకు ముందు ఎవరికి చూపించారు, వాళ్లు ఏం చెప్పారు, దాన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారు. ఈ చివరి ప్రశ్న అడిగారంటే మీరు మంచి చోటికి వచ్చినట్టే లెక్క. ఎందుకంటే "గుజ్జు అరిగిపోయింది", "డిస్క్ జారిపోయింది" అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక మనిషి భయంతో అడుగు తీసి అడుగు వేయడం మానేస్తాడు, ఆ భయం వల్ల కండరాలు ఇంకా సన్నబడతాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఎంఆర్‌ఐలో డిస్క్ ఉబ్బు కనిపించడం నొప్పి ఏమాత్రం లేనివాళ్లలో కూడా మామూలే, వయసు పెరిగేకొద్దీ మరీ. ఆ రిపోర్టుని మీ శరీరంతో పోల్చి చూసి, ఏది మీ నొప్పికి కారణం, ఏది వయసుతో వచ్చినది అని విడదీసి చెప్పగలగాలి.

తర్వాత చూపు, చెయ్యి. మిమ్మల్ని నడిపించి చూడాలి, వంగమనాలి, కూర్చుని లేవమనాలి. కీలు ఎంత కదులుతోందో కోణం కొలిచే గోనియోమీటర్‌తో కొలిచి రాసుకోవాలి. కండరం బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడు ఉంటుంది, 3 అంటే కాలిని పైకి ఎత్తగలరు కానీ చేత్తో కొంచెం నొక్కితే ఆపుకోలేరు. నడుం నొప్పి కాలిలోకి దిగుతుంటే మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా ఎత్తి చూస్తారు, పాదం మీద స్పర్శ చూస్తారు, మోకాలి కింద సుత్తితో తడతారు. పెద్దవాళ్లయితే కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు, 12 సెకన్లు, ఆ పైన పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. నొప్పిని 0 నుంచి 10 లోపు ఎంతో చెప్పమంటారు. ఇవన్నీ కాగితం మీద రాసుకోవాలి. రాయకపోతే రెండు వారాల తర్వాత మీరు బాగుపడ్డారో లేదో "ఎలా ఉందమ్మా?", "పర్వాలేదండీ" అన్న మాటల మీదే తేల్చాల్సి వస్తుంది, మన తెలుగువాళ్ల "పర్వాలేదు"లో ఎంత నొప్పి దాక్కుని ఉంటుందో మీకు తెలుసు కదా.

అంతా అయ్యాక ఆగి, మీకు అర్థమయ్యే తెలుగులో మూడు విషయాలు చెప్పాలి: ఏమైంది, ఎంతకాలం పట్టొచ్చు, అందులో మీరు చేయాల్సింది ఏమిటి. చెప్పకపోతే మీరే అడగండి. కాలం గురించి నిజం చెప్పేవాళ్లని నమ్మండి. ఉదాహరణకి షుగర్ ఉన్నవాళ్లకి భుజం బిగుసుకుపోతే అది పూర్తిగా విడవడానికి ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్లు కూడా పట్టొచ్చు. ఫిజియో చేస్తే ఈలోగా నొప్పి తగ్గుతుంది, జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం లాంటి పనులు తొందరగా తిరిగొస్తాయి. "వారంలో ఫ్రీ చేసేస్తా" అని చెయ్యి పట్టుకుని బలంగా లాగేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మెడ పట్టుకుని టక్కున తిప్పడం కూడా అంతే, ముందు పరీక్ష చేయకుండా, ఏం చేయబోతున్నారో చెప్పకుండా, మీరు ఒప్పుకోకుండా మెడ మీద అలాంటిది ఎవ్వరినీ చేయనివ్వొద్దు.

కరెంటు, మిషన్ల సంగతి

ఐఎఫ్‌టీ, టెన్స్ అనే కరెంటు మిషన్లు, ధ్వని తరంగాలతో పనిచేసే అల్ట్రాసౌండ్, నడుం లాగే ట్రాక్షన్, వేడి మైనం, ఇవన్నీ నా గదిలోనూ ఉన్నాయి, అవసరమైతే వాడతాను. కానీ వాటి స్థానం ఏమిటో మీకు తెలియాలి. కరెంటు పెడితే కాసేపు నొప్పి తెలియకుండా ఉంటుంది, ఆ కాసేపట్లో మీ చేత ఎక్సర్‌సైజు చేయించగలిగితే దానికి విలువ. మామూలు నడుం నొప్పికి ట్రాక్షన్ వల్ల, అల్ట్రాసౌండ్ వల్ల పెద్ద లాభం లేదని పరిశోధనలు చెబుతూ వచ్చాయి. మోకాలి అరుగుదలకి ముందు చేయాల్సిన వైద్యం తొడ కండరాన్ని బలపరచడం, బరువు ఎక్కువుంటే తగ్గించుకోవడం. రోజూ వచ్చి ఇరవై నిమిషాలు వైర్ల కింద పడుకుని, నిలబడి ఒక్క పని కూడా చేయకుండా ఇంటికి వెళ్లిపోతుంటే మీరు ఫిజియోథెరపీ చేయించుకోవడం లేదు, పడుకుని వెళ్తున్నారు.

మిషన్ పెట్టే ముందు తప్పనిసరిగా అడగాల్సినవి ఉన్నాయి, వాళ్లు మరిచిపోతే మీరే చెప్పండి. గుండెకి పేస్‌మేకర్ ఉంటే కరెంటు, లోపలి దాకా వేడి పుట్టించే డయాథెర్మీ మిషన్ పెట్టకూడదు. లోపల రాడ్లు, ప్లేట్లు ఉన్నచోట డయాథెర్మీ పనికిరాదు. గర్భం ఉంటే, ఉందేమోనని అనుమానం ఉన్నా సరే, చెప్పాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి వేడి కాపడం పెడితే చర్మం కాలినా తెలియదు. మీ స్పర్శ చూడకుండా వేడి పెట్టేవాళ్లని ఆపండి.

తాకే పద్ధతి, మాట పద్ధతి

ఈ వైద్యంలో ముట్టుకోక తప్పదు, కాబట్టి ఎలా ముట్టుకుంటారన్నది చిన్న విషయం కాదు. "ఇక్కడ నొక్కుతానమ్మా, నొప్పనిపిస్తే చెప్పండి" అని ముందు చెప్పి తాకాలి. చూడాల్సిన భాగం తప్ప మిగతాదంతా దుప్పటితో కప్పి ఉంచాలి. ఆడవాళ్లు పేషెంటైతే ఆడ ఫిజియో కావాలని అడగొచ్చు, లేదా ఇంట్లోవాళ్లు ఎవరైనా పక్కన ఉంటామని చెప్పొచ్చు, రెండూ మామూలు కోరికలే, ముఖం చిట్లించుకోవాల్సిన పని లేదు. కాన్పు తర్వాత దగ్గినప్పుడు మూత్రం పడటం లాంటివి చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి మోసేవాళ్లు ఎంతమందో. దానికి పొత్తికడుపు అడుగు కండరాల ఎక్సర్‌సైజులున్నాయి, చెప్పండి, అడగండి.

పక్షవాతం పేషెంటు విషయంలో ఇంట్లోవాళ్లకి నేర్పిస్తున్నారా లేదా గమనించండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లాగి లేపడం మన ఇళ్లలో అందరూ చేసే పని, దానివల్ల భుజం జారి, ఆ తర్వాత వచ్చే నొప్పి పక్షవాతం కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. ఏ పక్క కూర్చుని అన్నం పెట్టాలి, ఎలా తిప్పి పడుకోబెట్టాలి, మంచం లోంచి కుర్చీలోకి ఎలా మార్చాలి అన్నవి కొడుక్కో కోడలికో చేయించి చూపించాలి. మీ ఫిజియో రోజుకి గంట ఉంటారు, మిగతా ఇరవై మూడు గంటలు మీరే కదా ఉండేది.

డబ్బుల దగ్గర

ఒక్కో సిట్టింగుకి ఎంతో అడగండి, దాంట్లో ఎంతసేపు మనిషి మీ దగ్గర ఉంటారో కూడా అడగండి. పరీక్ష చేయకముందే నెల ప్యాకేజీ కట్టమంటే ఒప్పుకోకండి. నాలుగైదు సిట్టింగులు చూసి అప్పుడు మాట్లాడుకుందామని చెప్పండి, మంచివాళ్లు కాదనరు. ఆపరేషన్ చేసిన చోటే చేయించుకోవాలన్న రూలు కూడా ఏమీ లేదు, ఆపరేషన్ చేసిన డాక్టరు ఏం చేయొచ్చు ఏం చేయకూడదు అన్నది రాసిస్తే ఆ కాగితంతో ఇంటికి దగ్గర్లో వెళ్లొచ్చు. నరసరావుపేట నుంచో నందిగామ నుంచో రోజూ బస్సులో వచ్చి పోతూ నడుం ఇంకా చెడగొట్టుకునేవాళ్లని చూస్తుంటాను. అలాంటివాళ్లు వారానికి ఒకసారి వచ్చి మిగతా రోజులు ఇంట్లో చేసుకునే ఏర్పాటు అడగండి.

ఇంట్లో చేయాల్సినవి

పన్నెండు బొమ్మలున్న జిరాక్సు కాగితం ఇచ్చి పంపిస్తే అందులో ఒక్కటీ చేయరని నాకు తెలుసు, మీకూ తెలుసు. మూడో నాలుగో చాలు, కానీ అవి మీకోసం ఎంచినవి అయి ఉండాలి, వాళ్ల ఎదురుగా మీ చేత చేయించి తప్పులు దిద్ది ఉండాలి. మీరు చేస్తున్నది ఫోన్లో వీడియో తీయించుకోండి, ఇంట్లో అదే చూసి చేయొచ్చు.

మోకాళ్లకైతే ఉదాహరణ చెబుతాను. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కి ఐదు సెకన్లు ఉంచడం, కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి ఐదు నుంచి పది సెకన్లు ఆపడం, కొంచెం ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి మెల్లగా కూర్చోవడం. పదేసి సార్లు, రోజుకి రెండు పూటలు మొదలుపెట్టి ఫిజియో చెప్పిన ప్రకారం పెంచుకుంటూ పోవాలి. మోకాలి మార్పిడి అయినవాళ్లు నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. అలా పడుకుంటే కాలు పూర్తిగా తిన్నగా రాకుండా బిగుసుకుపోతుంది, తర్వాత కుంటుతూ నడవాల్సి వస్తుంది. మడవడం అందరూ పట్టించుకుంటారు, చాపడం మరిచిపోతారు.

నొప్పి లెక్క కూడా తెలుసుకోండి. ఎక్సర్‌సైజు చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండి, మర్నాటికి మళ్లీ మామూలుకి వచ్చేస్తే కొనసాగించొచ్చు. మర్నాడు కూడా పెరిగే ఉంటే, వాపు వస్తే, చేసింది ఎక్కువైంది. మానేయకండి, సగానికి తగ్గించి ఫిజియోకి ఫోన్ చేసి చెప్పండి. ఫోన్ తీసి వినే మనిషేనా కాదా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి

రెండు మూడు వారాలయ్యాక మొదటి రోజు కొలిచినవి మళ్లీ కొలవమనండి. కోణం పెరిగిందా, గ్రేడు పెరిగిందా, మీ కాగితం మీద రాసుకున్న మూడు పనుల్లో ఏదైనా తేలికైందా చూసుకోండి. ఏమీ మారకపోతే, మంచి ఫిజియో వైద్యం పద్ధతి మారుస్తారు లేదా "ఇది ఒకసారి ఆర్థో డాక్టరుకో న్యూరో డాక్టరుకో చూపించండి" అని వాళ్లే చీటీ రాసి పంపిస్తారు. అలా పంపించారంటే చేతకాక అనుకోకండి. ఏం మార్చకుండా "ఇంకో పది సిట్టింగులు చేద్దాం" అనే మాట రెండోసారి వినిపిస్తే మాత్రం వేరేవాళ్లని చూసుకోండి.

కాలిలో బలం తగ్గుతున్నా, పాదం ఈడుస్తున్నా, తిమ్మిరి పైకి పాకుతున్నా ఆ వారాల లెక్క చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బాగైతే ఆపేయడం ఎలాగో కూడా వాళ్లే చెప్పాలి. రోజూ నుంచి రోజు విడిచి రోజు, తర్వాత వారానికి ఒకసారి, ఆ తర్వాత మీరే. ఆపే రోజు ఒక కాగితం అడిగి తీసుకోండి: ఏం జబ్బు, మొదట్లో కొలతలు ఎంత, ఇప్పుడు ఎంత, ఇంట్లో కొనసాగించాల్సిన ఎక్సర్‌సైజులు ఏవి, ఏ లక్షణం వస్తే తిరిగి రావాలి. దాన్ని ఎక్స్‌రేల కవర్లోనే పెట్టుకుని, ఫోన్లో ఒక ఫోటో కూడా తీసి ఉంచుకోండి.